బాపుకు ఇచ్చిన దేవదారు నూనె

"మీ బాపు పండుకుంటలేడు బిడ్డా."

అవ్వ ఫోన్ల గీ మాట చెప్పినప్పుడు నేను కోరుట్లల నా పార్లర్ షట్టర్ సగం ఎత్తి లోపల ఊడుస్తున్న. సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎవలకు తెల్వది. గిసొంటి రోజులల్ల బ్యూటీ పార్లర్‌కు ఎవలొస్తరు అనుకుంటరు గని, గప్పుడే నా దగ్గరికి ఆడోళ్ళు ఎక్కువొచ్చిండ్రు. మొఖం మెరిపించుకోనీకి కాదు, జరసేపు కుర్చీల ఒరిగి కండ్లు మూసుకోనీకి.

"పండుకుంటలేడంటె ఏంది? డ్యూటీ లేదు గద, రాత్రి పండుకోవచ్చు," అన్న.

"రాత్రి లేదు, పగలు లేదు. అరుగు మీద కూసుంటడు. గల్లీ దిక్కే చూస్తడు. పిలిస్తె పలుకడు. నాకు బుగులైతుంది."

మా అవ్వ ఊకెనే బుగులు పడే మనిషి కాదు. ఫోన్ పెట్టేసినంక సుత నేను చీపురు పట్టుకోని గట్లనే నిలవడ్డ.

బాపు సిరిసిల్లల సాంచల మీద పనిచేసిండు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచలంటరు. ముప్పై ఏండ్లు రాత్రి డ్యూటీనే. పొద్దుగాల ఇంటికొచ్చి, చాయ్ తాగి, నులక మంచంల ఒరిగితె పొద్దు వాలేదాక లేవకపోతుండె. మా ఇంటికి రెండు దిక్కుల కార్ఖానాలే. పగలంత సాంచలు టకటక కొట్టుకుంటనే ఉంటుండె. చుట్టాలొస్తె గా సప్పుడుకు చెవులు మూసుకునేటోళ్ళు. బాపు మాత్రం అండ్లనే చంటిపిల్లలెక్క నిద్రపోయేటోడు. మేం పక్కన్నే ఒర్రుకుంట ఆడుకున్నా కదలకపోతుండె గని, కరెంటు పోయి సాంచలు ఆగితె దిగ్గున లేచి కూసునేటోడు. "ఏమాయె?" అని అడిగేటోడు, ఎవలో పిలిచినట్టు.

ఇప్పుడు సమ్మెల బొగ్గు ఆగింది, కరెంటు ఆగింది, సాంచలు ఆగినయ్. గల్లీలకు గల్లీలు సప్పుడు లేకుండ పడ్డయ్. తెలంగాణ రావాలె అన్నోడే ప్రతి ఒక్కడు, బాపు సుత. చౌరస్తాల వంటావార్పు పెడితె పోయి కూసోని బువ్వ తిని వచ్చిండు. గని ఇంటికొచ్చి మంచంల ఒరిగితె ఆయనకు నిద్ర రాలే.

అవ్వ బుగులుకు కారణం నిద్ర ఒక్కటే కాదు. గా యేడు మా దిక్కు సావులు ఎక్కువ. తెలంగాణ కోసమని పిల్లలు పాణాలు తీసుకుంటుండ్రి. పని లేక, దిక్కు తోచక సాంచల కాడి మనుషులు పోతుండ్రి. రెండు గల్లీల అవతల, బాపుతోని ఒకే షిఫ్టుల పనిచేసినాయన, ముందు రోజు మాపటికి మా అరుగు మీద కూసోని బీడీ తాగిపోయినాయన, తెల్లారేసరికి లేడు. ఆయన సుత పోయేముందు పది రోజులు మాట తక్కువ చేసిండని ఆయన భార్య ఏడ్చుకుంట చెప్పిందంట. గా మాట అవ్వ చెవులల్ల పడ్డది. గప్పటి నుంచి బాపు మాట్లాడకపోతె చాలు, ఆమె చేతుల పని ఇడిచి ఆయన ముందట పోయి నిలవడేది.

"కిరోసిన్ డబ్బా, ఎలుకల మందు పక్కింటి పెద్దమ్మ ఇంట్ల పెట్టిన," అని ఇంకో రోజు ఫోన్ల నిమ్మలంగ చెప్పింది. "కత్తిపీట సుత. కూరగాయలు గాడికే పోయి కోసుకొస్తున్న."

"బాపుకు ఎర్కైతె ఏమనుకుంటడవ్వా?"

"ఎర్కయ్యే ఉంటది. కత్తిపీట ఏదని అడుగలే. అడుగకపోతెనే ఎక్కువ బుగులైతుంది బిడ్డా."

గప్పుడే నాకు దేవదారు నూనె యాదికొచ్చింది.

నేను పార్లర్ పని జగిత్యాలల ఆర్నెల్లు నేర్సుకున్న. నేర్పిన మేడమ్‌కు నూనెలంటె మస్తు పాణం. చిన్న గోధుమరంగు సీసలు అలమారల వరుసగ పెట్టుకోని, ఒక్కొక్కటి మూత తీసి మా ముక్కుల కాడ పెట్టేది. దేవదారు నూనెది చెక్కపని చేసే వడ్లోళ్ళ కొట్టం వాసన. అప్పుడే చిత్రిక పట్టిన చెక్క మీద వానజల్లు పడ్డట్టు ఉంటది. అది పీలిస్తె బిగవట్టిన దవడ వదులైతదని, భుజాలు కిందికి దిగుతయని ఆమె చెప్పింది. నిద్ర పట్టనోళ్ళకు రుమాలు మీద ఒక చుక్క వేసి దిండు పక్కన పెట్టాలె. లేకుంటె ఒక చెంచెడు కొబ్బరి నూనెల రెండు చుక్కలు కలిపి అరికాళ్ళకు, మెడ ఎనుక రాయాలె. గంతే.

గంతే అని ఆమె గట్టిగ చెప్పేది. "వట్టి నూనె ఒంటికి రాయకుండ్రి. ముందుగాల మోచెయ్యి మడతల కలిపిన నూనె రాసి ఒక దినం చూడుండ్రి, దద్దు లేస్తె వద్దు. కడుపుతోని ఉన్నోళ్ళకు వద్దు, చంటిపిల్లలున్న అర్రల వద్దు. కండ్లల్ల పడద్దు. నోట్లకైతె అసలే పోవద్దు. చెట్టు నుంచి వచ్చిందేదైన మంచిదే అనుకుంటరేమో, గన్నేరు సుత చెట్టే."

మేమందరం నవ్వినం. గన్నేరు మాట నేను నోట్‌బుక్కుల రాసుకోలే.

తర్వాత కోరుట్లల నా కుర్చీల కూసున్నోళ్ళకు గా నూనె బాగ పనిచేసింది. సమ్మెల ఉన్న ఒక టీచరమ్మ, దినాం ధర్నాల అరిచి అరిచి గొంతు పోయి వచ్చేది. మెడ ఎనుక నాలుగు నిమిషాలు రాస్తె నోరు తెరుచుకోని నిద్రపోయేది. మొగడు దుబాయిల ఉన్న ఒకామె రుమాలు మీద చుక్క వేయించుకోనీకే వారానికోసారి వచ్చేది. ఒక్కసారి మాత్రం తప్పు జరిగింది. పెండ్లికి పోవాలె జల్ది అన్న ఒక పిల్లకు మోచెయ్యి కాడ చూడకుండ, చుక్కలు లెక్కవెట్టకుండ రాసిన. మాపటికి ఆమె మెడంత ఎర్రగ దద్దుర్లు లేచి, వాళ్ళమ్మ వచ్చి నా మీద లొల్లి చేసింది. నాకు సిగ్గయ్యింది, భయం కాలే. గప్పుడు భయపడుంటె బాగుండు.

సద్దుల బతుకమ్మకు వారం ముందు, మా ఆయన బండి మీద జగిత్యాలకు పోయి కొత్త సీస కొని, మరునాడు సిరిసిల్లకు పోయినం. మేం పోయేసరికి మధ్యాహ్నం. గల్లీల అడుగు పెడుతనే నాకు ఏదో లెక్క తప్పినట్టయ్యింది. నేను పుట్టినకాడి నుంచి గా గల్లీల మనుషులు అరుసుకుంట మాట్లాడుతరు, సాంచల సప్పుడుకు. గా రోజు సప్పుడు లేదు గని, అందరు ఇంక గట్టిగనే మాట్లాడుతుండ్రు. ఎదురింటి మాటలు మా ఇంట్లకు, మా మాటలు ఎదురింట్లకు పోతున్నయ్. బాపు అరుగు మీద కూసున్నడు. కండ్లు ఎర్రగ, చుట్టూ నల్లగ ఉన్నయ్. నన్ను చూసి నవ్విండు గని గా నవ్వు కండ్లదాక రాలే.

"నిద్ర ఎందుకు వడ్తలేదు బాపూ?"

"చెవుల ఏదో గుయ్యిమంటుంది బిడ్డా. సప్పుడు లేకపోతె మనిషికి గిట్లైతదని నాకు ఎర్కలేదు."

నేను కొబ్బరి నూనెల రెండు చుక్కలు కలిపి ఆయన అరికాళ్ళకు రాసిన. రాత్రంత నిలవడి పనిచేసిన కాళ్ళు, పగుళ్ళు పట్టి చెట్టు బెరడు లెక్క ఉండె. రుమాలు మీద చుక్క వేసి దిండు కాడ పెట్టిన. "వడ్లాయన ఇంట్ల పండుకున్నట్టుంది," అని బాపు కండ్లు మూసిండు. జరసేపటికి గురక వినొచ్చింది. అవ్వ గడప మీద కూసోని గా గురక విన్నది. ఆమె మొఖం ఇప్పటికి సుత నా కండ్ల ముందరనే ఉంది. దేవుని కాడ కొబ్బరికాయ మంచిగ పలిగినప్పుడు గట్ల చూస్తది.

బాపు మూడు గంటలు పండుకున్నడు.

పోయేముందు అవ్వకు సీస చేతుల పెట్టిన. అప్పుడు నేనేం చెప్పిన్నో ఎన్నిసార్లు యాది చేసుకున్ననో లెక్కలేదు. రెండు చుక్కలు అని చెప్పిన. కొబ్బరి నూనెల కలుపుమని చెప్పిన. రుమాలు సంగతి చెప్పిన. నా కుర్చీల కూసున్న ప్రతి ఆడామెకు చెప్పే మాట, నోట్ల పెట్టద్దు అన్న మాట, మా అవ్వకు చెప్పలే. సీస మీద చీమ తలకాయంత అక్షరాలల్ల ఇంగ్లీషుల రాసే ఉండె, పైపూతకే వాడాలె అని. నేను చదివిన. అవ్వకు తెలుగే చదువ రాదు. ఆమె సీసను అటిటు తిప్పి చూసి, "ఏంగాదు గద బిడ్డా?" అని అడిగింది. నేను చెప్పులు వేసుకుంట, "ఏంగాదవ్వా, చెట్టు నూనెనే," అన్న.

వారం రోజులు మంచిగనే నడిచింది. తర్వాత ఫోన్లు మొదలైనయ్.

"మూడు గంటలు పండుకునేటోడు గంటకే లేస్తుండు బిడ్డా. ఇంకో రెండు చుక్కలు వేద్దునా?"

నేను ఎవలకో జుట్టు కత్తిరిస్తున్న. ఫోన్ భుజానికి, చెవికి మధ్య ఇరికిచ్చుకోని, "వెయ్యి," అన్న.

రెండు రోజులకు మళ్ళ. "ఇయ్యాల అసలే పండుకోలే. సాంచల కార్ఖానకు పోయిండు. తాళం వేసుంటె కిటికిల నుంచి చూసుకుంట నిలవడ్డడంట. ఎవలో చూసి తోలుకొచ్చిండ్రు. మాట్లాడుతలేడు. బువ్వ సుత సగమే తిన్నడు."

"దవాఖానకు తోలుకపోవ్వా."

"రాడు. నాకేం రోగమంటడు. పెద్దమ్మ ఏమంటుందంటె, నూనె కాళ్ళకు రాస్తె ఏం పనిచేస్తది, ఆముదం తాగితె గద కడుపు సాఫైతది అంటుంది."

గా మాట నేను విన్న. విన్నట్టు నాకు మంచిగ యాదుంది. గని గప్పుడే కరెంటు వచ్చింది, మూడు గంటలల్ల మళ్ళ పోతది, కుర్చీలల్ల ఇద్దరు కూసున్నరు. "మాపటికి చేస్తనవ్వా," అని పెట్టేసిన. మాపటికి చెయ్యలే.

మరునాడు మధ్యాహ్నం పెద్దమ్మే ఫోన్ చేసింది. మా పక్కింటామె. నేను కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చిన.

"జల్ది రా బిడ్డా. మీ బాపు మందు తాగిండు."

మా దగ్గర మందు తాగిండు అంటె ఒక్కటే అర్థం, విషం.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు కథలాపూర్ మీదికెళ్ళి పోవాలె. మా ఆయన బండి తీసిండు. పొలాలల్ల వరి పొట్టకొచ్చి ఉంది, మోటర్లు నడుస్తలేవు, మళ్ళల్ల నీళ్ళు లేక నేల నెర్రెలిచ్చింది. కథలాపూర్ల రోడ్డు మీద ముండ్లకంప అడ్డం పెట్టిండ్రు. దాని ఎనుక నలభై మంది కూసున్నరు. పొయ్యిలు పెట్టి రోడ్డు మీదనే వంట చేస్తున్నరు. జెండాలు, డప్పులు.

"బంద్ అన్నా, ఎటు పోతరు?" అని ఒకాయన బండి హాండిల్ పట్టుకున్నడు.

"సిరిసిల్ల. మా మామ మందు తాగిండు," అన్నడు మా ఆయన.

డప్పు ఆగింది. గా నలభై మంది ఒక్కసారి మా దిక్కు చూసిండ్రు. ఇద్దరు లేచి ముండ్లకంప పక్కకు గుంజిండ్రు. హాండిల్ పట్టుకున్నాయన మెల్లగ అడిగిండు, "తెలంగాణ కోసమేనా?"

మేం అవుననలే గని కాదనలే. బండి కదిలినంక ఎనుక నుంచి నినాదం వినొచ్చింది. పది అడుగులు పోంగనే అది ఇంక గట్టిగయ్యింది. ఎవలి కోసం అరుస్తున్నరో నాకు అర్థమయ్యి చెవులు మూసుకోవాలనిపిచ్చింది. మా బాపు పేరు సుత వాళ్ళకు తెల్వది. బతికున్నడో లేడో నాకే తెల్వది.

సిరిసిల్లల దవాఖాన ముందట అప్పటికే జనం. మా గల్లీ మనుషులు, తెలువని మనుషులు. సెల్‌ఫోన్లు చేతుల పట్టుకోని ఇద్దరు. కండువ వేసుకున్న ఒక పెద్దమనిషి ఎవలతోనో ఫోన్ల, "నేత కార్మికుడు, తెలంగాణ కోసమే, అవునవును," అంటుండు. మేం వాళ్ళను తోసుకోని లోపలికి పోయినం.

బాపు మంచం మీద ఒక పక్కకు ఒరిగి దగ్గుతుండు. గది దగ్గు లెక్క లేదు, ఊపిరి గుంజుకోనీకి చేస్తున్న పెనుగులాట. పెదవులు నల్లవడ్డయ్. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకోని చెప్పింది: మధ్యాహ్నం ఒర్రుకుంట లేచిండంట, కడుపుల మంట అన్నడంట, తూలి పడ్డడంట. నలుగురు జమై ఉప్పు నీళ్ళు పట్టిచ్చి, గొంతుల వేలు పెట్టి కక్కిచ్చిండ్రంట. కక్కినంకనే దగ్గు మొదలయ్యింది.

డాక్టర్ చిన్న వయసాయన. టార్చి వేసి బాపు కండ్లు చూస్తుండు. "ఏ మందు తాగిండు? డబ్బా తెచ్చిండ్రా? తెలిస్తేనే సరైన ఇంజక్షన్ ఇస్తం. పురుగుల మందుదొకటి, ఎలుకల మందుదొకటి. ఊరికె ఇయ్యలేను."

"పురుగుల మందే సార్," అన్నడు ఎవలో.

"మీరు చూసిండ్రా?"

ఎవలు చూడలే. డాక్టర్ మళ్ళ కండ్లల్లకు టార్చి వేసిండు. "పురుగుల మందు తాగినోని లెక్క లేవు ఇవి. వాసన సుత అది కాదు," అని తనలో తాను అనుకున్నడు.

నేను బాపు మీదికి వంగిన. ఉప్పు నీళ్ళు, పుల్లటి కక్కు వాసన. వాటి కింద, నిమ్మలంగ, చిత్రిక పట్టిన చెక్క వాసన.

నేను తలెత్తిన. అవ్వ మూలకు, గోడకు ఆనుకోని నేల మీద కూసున్నది. ఏడుస్తలేదు. ఆమె నన్నే చూస్తుంది, నేను వచ్చినకాడి నుంచి నన్నే చూస్తుంది. నేను పోయి ఆమె ముందట కూసున్న.

"అవ్వా. ఎంత పోసినవ్?"

ఆమె కొంగు కొస వేలికి చుట్టుకున్నది.

"అవ్వా, చెప్పు. ఎంత?"

"పాలల్ల," అన్నది. "రెండు చెంచాలు. కాదు, మూడు కావచ్చు. చేదుంటదని చక్కెర ఎక్కువేసిన." నా ముంజెయ్యి పట్టుకున్నది. "ఒంటికి రాస్తె గంట పండుకున్నడు. లోపలికి పోతె పొద్దు వాలేదాక పండుకుంటడనుకున్న. ఒక్కసారి కండ్లనిండ నిద్రపోతె మనిషి మనిషైతడనుకున్న. చెట్టు నూనెనే అంటివి గద బిడ్డా."

నేను లేచి నిలవడ్డ. డాక్టర్ నాకు నాలుగడుగుల దూరంల ఉన్నడు. దర్వాజ కాడ మా గల్లీ మొత్తం నిలవడ్డది. సెల్‌ఫోన్ల మనుషులు, కండువ పెద్దమనిషి. చెప్తె, మొగనికి పాలల్ల ఏదో కలిపిచ్చింది అన్న మాట బయటికి పోతది. ఆ మాట మా గల్లీల ఎంతసేపట్ల ఎట్ల మారుతదో నాకెర్కనే. చెప్పకపోతె డాక్టర్ తెలువని విషానికి తెలువని మందు ఇస్తడు. చెప్పాలెనని నాకు తెలుసు. అయినా నా నోరు లేవలే. ఎంతసేపో చెప్పలేను. మా ఆయన తర్వాత, అర నిమిషం సుత లేదన్నడు. నాకు మాత్రం అండ్ల బాపు ఎన్నిసార్లు దగ్గిండో యాదుంది. ఏడుసార్లు.

"దేవదారు నూనె సార్," అన్న. "రెండు మూడు చెంచాలు కడుపులకు పోయింది. నిద్రకని నేనే తెచ్చిచ్చిన. నోట్లకు పోవద్దని చెప్పలే."

డాక్టర్ నర్సును పిలిచి ఆక్సిజన్ పెట్టుమన్నడు. "కక్కిచ్చిండ్రు గద? గదే తప్పయ్యింది. గిసొంటి నూనెలు తాగినోన్ని కక్కియ్యద్దు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తులల్లకు జారుతది. కడుపుల ఉన్నదానికంటె గాడికి పోయిందే ఎక్కువ చేటు చేస్తది." నర్సు చేతుల అప్పటికే తయారుగ ఉన్న సూదిని చూపిచ్చి, "అది పక్కన పెట్టు," అన్నడు.

రెండు దినాలు బాపు బతుకుతడో లేదో తెల్వలే. జ్వరం వచ్చింది. ఊపిరి తీస్తుంటె లోపల ఏదో చిరుగుతున్నట్టు సప్పుడు. కరీంనగర్ తోలుకపోదామంటె రోడ్ల మీద ఎక్కడ ఆపుతరో తెల్వదు, తొవ్వల ఆక్సిజన్ అయిపోతె ఏం చేస్తమని డాక్టర్ అన్నడు. కరెంటు పోయినప్పుడల్ల జనరేటర్ లేచేదాక నేను బాపు రొమ్ము మీద చెయ్యి పెట్టి, లేస్తుందా లేదా చూసిన. అవ్వ మూలకెల్లి కదలలే. చాయ్ ఇస్తె తాగలే. ఎవలు పలకరిచ్చినా తలకాయ ఎత్తలే. ఆమె బాపును కనిపెట్టుకున్నట్టే ఇప్పుడు నేను ఆమెను కనిపెట్టుకోవల్సొచ్చింది. ఆమె బాత్రూంకు పోతె నేను తలుపు కాడ నిలవడ్డ.

బయట కండువ పెద్దమనిషి నాతోని మాట్లాడిండు. కఠినంగ కాదు, ఓపికతోనే. "అమ్మా, ఊరంత ఎర్కైంది. ఆయన త్యాగాన్ని చిన్నగ చెయ్యకు."

"త్యాగం కాదన్నా. పాలల్ల నూనె. పొరపాటు."

"ఎవలు నమ్ముతరు?" అన్నడు. నిజంగనే అడిగిండు. నేను లోపలికి పోయిన.

కేసు రాసుకోనీకి వచ్చిన పోలీసాయన ఇంకో తీరుగ అడిగిండు. ఇంట్ల లడాయిలేమన్న ఉన్నయా, మొగనికి పెండ్లానికి పడ్తదా అని. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆయన రాసుకుంట రాసుకుంట మూలకున్న అవ్వను రెండుసార్లు చూసిండు. "పేషెంట్ లేసినంక అడుగుత," అని పోయిండు.

మూడో దినం పొద్దుగాల బాపుకు సోయి మంచిగొచ్చింది. మాస్కు పక్కకు జరిపి నీళ్ళడిగిండు. పోలీసాయన వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకున్నడు. అవ్వ అప్పుడు లేచి నిలవడ్డది, గోడ పట్టుకోని. ఏమంటడో అని ఆమె ఎంత భయపడ్డదో నాకు ఆమె గోర్లల్ల కనవడ్డది. గోడ సున్నం గోర్ల కింద ఇరికింది.

"ఏం తాగినవ్ పెద్దయ్యా?"

"పాలు," అన్నడు బాపు.

"పాలల్ల ఏముందో తెలుసా?"

బాపు జరసేపు ఊపిరి తీసుకున్నడు. "నూనె ఉందని మొదటి గుక్కల్నే తెలిసింది. గొంతు మండింది. మా ఇంటిది ఎదురుంగ నిలవడి చూస్తుంది. పదిహేను దినాల సంది నన్ను గట్లనే చూస్తుంది, సచ్చిపోతనేమో అని. కత్తిపీట సుత దాచింది. నేను తాగి పండుకుంటె జర నిమ్మలపడ్తదని మొత్తం తాగిన."

"సావాలెనని..."

"నేనెందుకు సస్త సారూ? సప్పుడు లేక నిద్రవడ్తలేదు, గంతే. గా మాట చెప్తె ఎవలకు అర్థమైతది?"

పోలీసాయన రాసుడు ఆపి, సంతకం పెట్టిచ్చుకోని పోయిండు. అవ్వ అప్పుడు ఏడ్చింది. బాపు ఆమెను దగ్గరికి పిలువలే. ఆమె రాలే. ఇద్దరి మధ్య మంచం అంచు, నేను. వాళ్ళిద్దరు ఒకరి కోసం ఒకరు బుగులు పడుకుంట ఇంత దూరం వచ్చిండ్రని నాకప్పుడు తెలిసింది. మధ్యల నేను సీస పెట్టిన.

పన్నెండు దినాలకు ఇంటికి పంపిండ్రు. సమ్మె అయిపోయింది, కరెంటు వచ్చింది, సాంచలు మళ్ళ మొదలైనయ్. బాపుకు నిద్ర వచ్చింది గని దగ్గు పోలే. పది మెట్లెక్కితె ఆయాసం. దూది దుమ్ముల పనిచేయద్దని డాక్టర్ అన్నడు గని ఇంకో పని రాదు. రాత్రి డ్యూటీ మాని, పగలు కండెలు చుట్టే కాడ కూసున్నడు.

అవ్వ మారింది. బాపుకు పాలు, చాయ్ ఆమె ఇచ్చుడు బందువెట్టింది. గిలాస అర్ర మధ్యల పెట్టి పక్కకు పోతది. బాపు తీసుకుంటడు. దీని మీద వాళ్ళిద్దరు మాట్లాడుకున్నట్టు నేను ఎన్నడు వినలే.

నేను పార్లర్ల నూనెలు మానలే. మానుదామనుకున్న గని, తప్పు నూనెది కాదు. ప్రతి సీస మీద పెద్దక్షరాలతోని తెలుగుల రాసి అంటిచ్చిన: నోట్లకు పోవద్దు, తాగితె కక్కియ్యద్దు, దవాఖానకు సీసతోని సహా పోవాలె. చదువు రానోళ్ళకు సీస ఇయ్యను. రుమాలు మీద చుక్క వేసిచ్చి పంపుత. "ఇంత చిన్న నూనెకు ఇంత భయమా అక్కా?" అని నవ్వుతరు. నేను సుత జగిత్యాలల గట్లనే నవ్విన.

రాష్ట్రం వచ్చిన రోజు నేను సిరిసిల్లలనే ఉన్న. గల్లీల డప్పులు, గులాల్, మిఠాయి. నిజంగ సంతోషమైన రోజు, నాకు సుత. మధ్యాహ్నం పది పదిహేను మంది దండ పట్టుకోని మా ఇంటికొచ్చిండ్రు. తెలంగాణ కోసం మందు తాగి బతికినాయన అని మా గల్లీల బాపుకు పేరు పడిపోయింది. ఎన్నిసార్లు కాదన్నా పోలే. బాపు అరుగు మీదికి వచ్చి, "నేను పాలు తాగిన నాయినా, గంతే," అన్నడు. వాళ్ళు నవ్విండ్రు, పెద్దాయనకు అణకువ ఎక్కువ అన్నరు, దండ వేసిండ్రు. బాపు దగ్గుకుంట తలకాయ వంచిండు.

నేను అవ్వ కోసం ఇంట్లకు పోయిన. లోపలి అర్ర తలుపు పెట్టుకోని చీకట్ల కూసున్నది. బయట డప్పు మోగుతనే ఉంది.

"రావ్వా, అందరు వచ్చిండ్రు."

ఆమె రానన్నట్టు తలకాయ ఊపింది. "ఆయన మెడల దండేస్తున్నరు బిడ్డా," అన్నది మెల్లగ. "మరి గా గిలాస ఎవలిచ్చిండ్రని ఎవలన్న ఒక్కలు అడిగితె?"

ఎవలు అడుగలే. జనం మిఠాయి తిని, ఇంకో ఇంటికి పోయిండ్రు. నేను తలుపు పక్కన నేల మీద కూసోని, ఆమె లేచేదాక ఉన్న.